పసుపు ప్యాకెట్ రెండో కొస

మొదలుపెట్టిన రోజున అతని చేతిలో ఉన్నది ఇది: ఆరేళ్ళ కూతురు, బరువు పద్దెనిమిది కిలోల రెండువందల గ్రాములు, ఆ పిల్ల నోటికి సయించే తిండి ఏడు రకాలు, ఆ నోట పలికే మాటలు నాలుగు, వీటితోపాటు పిల్లకి తండ్రి మీద ఉన్న నమ్మకం, దాన్ని అతను ఎప్పుడూ తూచి చూడలేదు, తూచాల్సిన రోజు వస్తుందని అనుకోలేదు. అయిదు నెలలు గడిచాయి. ఈ సెలవురోజు మధ్యాహ్నం మూడు గంటలకు వంటింటి బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, బల్ల మధ్యలో పెట్టిన పసుపు బిస్కెట్ ప్యాకెట్ వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతున్నాడు. చూడకూడదని చెప్పారు. మాట్లాడకూడదు, బతిమాలకూడదు, ప్యాకెట్‌ని పిల్ల వైపు జరపకూడదు, పిల్ల వైపు ఆశగా చూడకూడదు. మాటలు నేర్పే టీచరు ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పింది. "గంటసేపు ఊరికే కూర్చోండి. మీరే కూర్చోవాలి, వాళ్ళమ్మ కాదు. నమ్మకం తెగింది మీ దగ్గర కదా." ఊరికే కూర్చోవడం అతనికి చేతకాని పని. షాపులో ఊరికే కూర్చున్న యజమానిని చూస్తే గుమ్మం ఎక్కిన గిరాకీ కూడా వెనక్కి తిరిగిపోతుంది, అందుకే బేరం లేని వేళ కూడా ఏదో ఒక కట్ట విప్పి మళ్ళీ కట్టడం అతనికి ఇరవై ఏళ్ళ అలవాటు. ఇప్పుడు చేతులకి పని లేదు. రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. ఫ్రిజ్ మోటారు ఆగింది. ఆగాక గానీ అది ఇంతసేపూ మోగుతోందని తెలియలేదు.

పిల్ల కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది. గువ్వ అంటారు అందరూ, పుట్టినప్పుడు గుప్పిట్లో పట్టేలా ఉందని అక్క పెట్టిన పేరు, అసలు పేరు ఆసుపత్రి కాగితాల్లో తప్ప ఎక్కడా వాడరు. తన ముందు అట్ట రింగులు పేర్చుకుంటోంది, టేపు చుట్టలు అయిపోయాక మిగిలే అట్ట రింగులు, షాపు నుంచి అతనే సంచుల కొద్దీ తెచ్చాడు. చిన్నవి పెద్దవాటి లోపల, వాటిని ఇంకా పెద్దవాటి లోపల. పేర్చే చేతి మణికట్టు దగ్గర ఎముక బయటికి పొడుచుకొచ్చింది. ఆ ఎముక అయిదు నెలల కింద కనిపించేది కాదు. దాన్ని చూడకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి దాన్నే చూస్తున్నాడు. పదిహేను కిలోల ఆరువందలు. సోమవారం మళ్ళీ తూకం, నాలుగు రోజులుంది. పదిహేను కిందికి దిగితే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని పిల్లల డాక్టరు చెప్పింది, ఆవిడ బెదిరించే మనిషి కాదు, అందుకే భయమేసింది. చొక్కా మెడ వెనక చిన్న గుడ్డపీలిక తగిలితేనే తల గోడకేసి కొట్టుకునే పిల్ల. ముక్కులో గొట్టం ఎలా ఉంచుకుంటుంది, ఎవరు పట్టుకుంటారు చేతులు, ఎన్ని రోజులు. "మంచిచెడ్డలు తర్వాత చూద్దాం. ఆ డైట్ ఇవాళ్టితో ఆపెయ్యండి. ఏది తింటే అది పెట్టండి," అంది డాక్టరు. "ముందు ఆ బిస్కెట్లే పెట్టండి. అన్నిటికన్నా ఇష్టం అవే కదా."

అవే కదా. అంత సులువుగా అనేసింది, ఆవిడకి జరిగింది తెలీదు. టీచరుకి చెప్పాడు గానీ డాక్టరుకి చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు.

అట్ట రింగు ఒకటి దొర్లుకుంటూ వచ్చి స్టూలు కాలికి తగిలి పడిపోయింది. వంగి తీసివ్వబోయి ఆగాడు. అతను ముట్టుకున్న రింగు పేర్పులోకి తిరిగి వెళ్ళదు, గువ్వ దాన్ని పక్కన పెట్టేస్తుంది. మంచినీళ్ళు కూడా అంతే. "నీళ్ళు" అంటుంది, అతను గ్లాసు అందిస్తే తీసుకుంటుంది, తీసుకెళ్ళి సింకులో ఒంపేసి, కుళాయి తిప్పి తనే పట్టుకుని తాగుతుంది. కోపం ఉండదు, ఏడుపు ఉండదు. గిట్టని సరుకుని గొడవ పడకుండా వెనక్కి పంపేసే పాత గిరాకీలా, అలాంటి వాళ్ళతోనే షాపువాడికి భయం, అరిచేవాడు రేపు మళ్ళీ వస్తాడు, మాట్లాడకుండా పోయినవాడు రాడు.

ఎక్కడ మొదలైంది. ఒక హాల్లో మొదలైంది, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరుసలో తల్లులు, వెనక వరుసలో చేతులు కట్టుకున్న తండ్రులు, తెర మీద రంగురంగుల పేగుల బొమ్మ. డైట్ మేడమ్ అంటారు ఆవిడని, డాక్టరు కాదు, తన కొడుక్కి ఇలాగే ఉంటే తిండి మార్చి బాగుచేసుకున్నానని చెబుతుంది, గొంతులో తేనె. గోధుమ మానిపించాలి, పాలు మానిపించాలి, చక్కెర మానిపించాలి, పేగు శుభ్రపడితే తలలో మంచు విడిపోతుంది, మీ పిల్ల మిమ్మల్ని చూస్తుంది, పిలుస్తుంది. ఆ మాటకి పక్కన కూర్చున్న భార్య అతని చెయ్యి పట్టుకుంది. రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని కాగితం మీద రాసిచ్చిన నాడు కూడా ఇలా పట్టుకోలేదు. అతను వ్యాపారస్థుడు, ఎదుటివాడు సరుకు ఎలా అంటగడతాడో తెలిసినవాడు, ఆ హాల్లో ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఇదిగో ఇక్కడ బిగిస్తోంది, ఇక్కడ వదులుతోంది, ఇప్పుడు తొందరపెడుతుంది అని లోపల లోపల లెక్క కట్టుకుంటూనే ఉన్నాడు. లెక్క అంతా సరిగ్గానే వచ్చింది. అయినా కొన్నాడు. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగితే ఆవిడ కళ్ళజోడు తీసి, "రుజువు బాగా తక్కువండీ. పైగా ఈ పిల్ల తినేదే ఏడు రకాలు. చేసి తీరాలనుకుంటే డైటీషియన్ని పక్కన పెట్టుకుని, వారం వారం బరువు చూసుకుంటూ చెయ్యండి," అంది. ఇంత పొడుగు మాటలో అతని చెవిన పడింది చివరి ముక్క ఒక్కటే. చెయ్యండి.

అక్క ఒక్కతే అడ్డుపడింది. వారానికోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఇంట్లో గిన్నెలు సర్దుతూ అందర్నీ తిడుతుంది. "ఒరేయ్ తమ్ముడూ, ఈ లోకంలో దానికి తెలిసినవి ఏడు. అందులో నాలుగు లాగేసుకుంటే ఏం మిగులుతుందిరా?"

"మూడు నెలలే అక్కా. పోయేదేముంది."

"షాపులో సరుకైతే నచ్చకపోతే వెనక్కి పంపుతావు. దీన్ని ఎవరికి పంపుతావు? పెళ్ళాం వండిన దాంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి నీకు గుండె చాలదు గానీ, పసిదాని నోటి దగ్గరిది లాగడానికి మాత్రం మొనగాడివి."

భార్య నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వింది అదే ఆఖరుసారి అని ఇప్పుడు అనిపిస్తోంది గానీ అది నిజం కాకపోవచ్చు, మనసు తన ఇష్టం వచ్చినట్టు మూటలు కడుతుంది. పోయేదేముంది. ఇరవై ఏళ్ళలో ఏ సరుకు దింపుకున్నా ముందు వేసుకున్న ప్రశ్న అదే, వర్షాకాలం కొనే అట్టపెట్టెలకీ, కొత్త రకం కవర్లకీ, పాత సీలింగ్ మిషన్లకీ. ఎంత వస్తుంది అని ఎవడైనా అడుగుతాడు, ఎంత పోతుంది అని అడిగేవాడే నిలబడతాడు. కూతురి విషయంలోనూ అదే ప్రశ్న అడిగాడు. కాకపోతే జవాబు కోసం ఆగలేదు.

బిస్కెట్లు, పాలు, అంచులు కోసేసిన బ్రెడ్, ఏమీ కలపని నూడుల్స్, తెల్లన్నం, అరటిపండు, వేయించిన బంగాళాదుంప. గోధుమా పాలూ తీసేస్తే మొదటి నాలుగూ పోయాయి. మూడు మిగిలాయి. పూటపూటా అదే పెడుతుంటే అరటిపండు వాసనకే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది, రెండు మిగిలాయి. ఆకలేస్తే అదే తింటుందిలెండి అంది డైట్ మేడమ్, మామూలు పిల్లల సంగతి అది, గువ్వకి ఆకలి ఒకవైపు, తిండి ఒకవైపు, రెంటినీ కలిపే దారం ఎక్కడో ఊడి ఉంటుంది. దారం. మాట కూడా ఒక దారమే. నాలుగు మాటలు: నీళ్ళు, వద్దు, ఇంకా, కిస్కీ. కిస్కీ అంటే బిస్కెట్. టీచరుకి ఎనిమిది నెలలు పట్టింది ఆ ఒక్క మాట తెప్పించడానికి, ప్రతి సాయంత్రం చిన్న ముక్క ఎత్తి చూపిస్తూ, పెదవులు కదిలితే ఒక ముక్క, శబ్దం వస్తే ఒక ముక్క, చివరికి ఒకరోజు షాపు మూసి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పిల్ల వచ్చి అతని చొక్కా అంచు పట్టుకుని స్పష్టంగా, కిస్కీ. ఆ రోజు అతను ప్యాకెట్టంతా ఇచ్చేశాడు, భార్య తిట్టింది. డైట్ మొదలైన రోజు ఉదయం కూడా అలాగే చొక్కా పట్టుకుని అడిగింది. లేదమ్మా అన్నాడు. మళ్ళీ అడిగింది. ఆ రోజు నలభైసార్లు అడిగింది, అతను లెక్కపెట్టాడు, లెక్కపెట్టడం తప్ప చేయగలిగింది లేదు. మర్నాడు ముప్ఫై. వారం తిరిగేసరికి మూడు. పన్నెండో రోజు అడగలేదు, అలవాటు పడిందని భార్యాభర్తలు ఊపిరి పీల్చుకున్నారు. అలవాటు పడలేదు. అడిగితే వచ్చేది కాదని తెలిశాక ఆ మాటతో పని లేదని పక్కన పారేసింది, అంతే. తర్వాత టీచరు బొమ్మ చూపించి ఎంత అడిగినా పెదవులు కదలలేదు. ఎనిమిది నెలలకి వచ్చిన మాట పన్నెండు రోజుల్లో వెళ్ళిపోయింది.

పక్కగది తలుపు కిర్రుమంది. భార్య అక్కడే నిలబడి ఉంది, సందులోంచి చీకటి పొడుగ్గా కనిపిస్తోంది, ఆ చీకట్లో ఆమె కుడిచెయ్యి, చేతిలో ఏదో గుడ్డ, పిండుతోంది. నిన్న ఇదే బల్ల ముందు ఆమె కూర్చుంది. గువ్వ వచ్చింది, ప్యాకెట్ తీసుకుంది, గోటితో గీసి చూసింది, అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. పెద్దగా మాట్లాడని మనిషి, రాత్రి పళ్ళేలు కడుగుతూ, "నా చేత్తో ఇచ్చినా అంతే. ప్యాకెట్ అంటేనే నమ్మడం లేదండీ," అని మాత్రం అంది. మీరు చేసిన పని వల్ల అని అనలేదు. అనకపోవడం ఎక్కువ బరువు.

నోటుబుక్కు ఒకటి పెట్టాడు అప్పట్లో. పొద్దున చేతులు ఎన్నిసార్లు ఆడించింది, సాయంత్రం ఎన్నిసార్లు, ఎన్నిసార్లు గుండ్రంగా తిరిగింది, ఎన్నిసార్లు అరిచింది. మొదటివారం రోజుకి నలభై ఒకటి. ఆరోవారం పందొమ్మిది. అంకెలు దిగుతుంటే అతని ఛాతీ పెరిగింది, ఇదిగో ఫలితం అనుకున్నాడు, ఆ పుస్తకం తీసుకెళ్ళి డైట్ మేడమ్‌కి చూపిస్తే ఆవిడ హాల్లో అందరికీ చదివి వినిపించింది, ఈ తండ్రిని చూడండి అంది, అందరూ చప్పట్లు కొట్టారు, అతను లేచి నిలబడ్డాడు. వెనక వరుసలో ఒక తండ్రి కట్టుకున్న చేతులు విప్పి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ మనిషి ఇంట్లో ఇప్పుడు ఏ పిల్ల ఏ బల్ల ముందు ఉందో. భార్యే మొదట పట్టుకుంది, ఒక సాయంత్రం పిల్లకి బట్టలు మారుస్తూ, గౌను భుజం మీంచి జారిపోతుంటే చేత్తో పట్టుకుని నిలబడిపోయి, "ఏమండీ, ఇది నెమ్మదించలేదండీ," అంది. "మరి?" అన్నాడు. "నీరసపడింది." పుస్తకం తీసి చూశాడు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటీ తప్పు రాయలేదు. రాసిన వైపే తప్పు. ఆకలికి చేతులు ఆడించే సత్తువ లేక పిల్ల గోడకానుకుని కూర్చుంటే, దాన్ని లాభం కింద రాసుకుంటూ వచ్చాడు. నష్టాన్ని లాభమని రాసుకుని షాపు నడిపినవాళ్ళని చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నాడో.

అక్కడైనా ఆపి ఉంటే. అప్పటికి పదహారున్నర. ఆపలేదు, మానేస్తే ఇన్నాళ్ళ కష్టం వృథా అన్నాడు, మునిగిన సరుకు మీద ఇంకో విడత డబ్బు పోసే ప్రతివాడూ అనే మాట. ఆపకుండానే పిల్ల చేత తినిపించాలి. దానికి అతని బుర్రలో ఒక ఉపాయం మెరిసింది, అతని బుర్రలో తప్ప ఇంకెవరి బుర్రలోనూ మెరవని ఉపాయం. అతను అమ్మేది కవర్లు. ప్యాకింగ్ సామాను: కవర్లు, అట్టపెట్టెలు, టేపులు, మూతులు అతికే మిషన్లు. ఏ కవరుని ఎక్కడ కోస్తే తెలియదో, ఎంత వేడి మీద అతికితే ముడత రాదో అతని వేళ్ళకి తెలుసు. గోధుమా పాలూ లేకుండా, అదే గుండ్రం, అంచున అవే పళ్ళు వచ్చేలా బిస్కెట్లు చేయించాడు ఒక బేకరీవాడి చేత. పసుపు ప్యాకెట్లు కొని, ఒక కొస బ్లేడుతో సన్నగా విప్పి, లోపలి బిస్కెట్లు దులిపేసి, కొత్తవి పేర్చి, ఆ కొసని షాపులో మిషన్ మీద మళ్ళీ అతికాడు. మధ్యాహ్నం బేరం పలచబడే వేళ, అద్దాల బల్ల వెనక ఒంటరిగా. చేస్తున్నంతసేపూ కూనిరాగం తీశాడు, అది గుర్తొస్తే చెవులు కాలుతున్నాయి. ఇంట్లో చూపిస్తే భార్య అటూ ఇటూ తిప్పి, "భలే చేశారే, కంపెనీవాడు కూడా పట్టుకోలేడు," అంది.

మొదటి ప్యాకెట్ ఇచ్చిన రోజు. దేవుడా ఆ ముఖం. ముఖంలో నవ్వు అంటూ ఏమీ రాదు గువ్వకి, ఒళ్ళంతా నవ్వుతుంది, మునివేళ్ళ మీద లేస్తుంది. కంపెనీ అతుకు ఉన్న కొస గువ్వ వైపు ఉండేలా ఇచ్చాడు. ఎప్పటిలాగే అతుకు మీద గోరు పెట్టి గీసింది, జిర్ అంది, విప్పింది. ఒకటి కొరికింది. ఆగింది. వాసన చూసింది. ప్యాకెట్ వైపు చూసింది. మళ్ళీ బిస్కెట్ వైపు. ఎంతసేపు అలా చూసిందో, అతను గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత తినేసింది. నాలుక ఇది కాదంటోంది, ప్యాకెట్ ఇదే అంటోంది, గువ్వ నాలుకని కాదని ప్యాకెట్‌ని నమ్మింది. ప్యాకెట్ ఇచ్చింది నాన్న కాబట్టి నమ్మిందేమో, ఆ సంగతి ఎవరు చెబుతారు, అడిగితే చెప్పే మాటలు ఆ నాలుగింటిలో లేవు. తొమ్మిది రోజులు తింది. రెండువందల గ్రాములు పెరిగింది. పదో రోజు షాపులో పాత గిరాకీ ఒకాయన ఫోన్లో తొందరపెడుతుంటే, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టి, చూసుకోకుండా రెండో కొస ఇచ్చేశాడు.

గోరు పెట్టి గీసింది. చప్పుడు రాలేదు.

అతని మిషన్ అతుకు నున్నగా వస్తుంది. కంపెనీ అతుకు మీద సన్నటి గరుకు గీతలు ఉంటాయి, గీస్తే జిర్ అంటుంది. ఆ జిర్ కోసమే గువ్వ ప్యాకెట్ విప్పే ముందు ప్రతిసారీ గోరు పెడుతుందని, అది ఆట కాదని, ఇది ఫలానాది అని తనకి తను చేసుకునే తనిఖీ అని వెయ్యిసార్లు చూసినా అతనికి తట్టలేదు. కవర్ల వ్యాపారి, తట్టలేదు. గువ్వ ఇంకోసారి గీసింది. ప్యాకెట్ తిప్పి మొదటి కొస గీసింది, జిర్. మళ్ళీ ఈ కొస, నిశ్శబ్దం. ప్యాకెట్‌ని నేల మీద పెట్టింది. లేచి వంటింటి అరలో ఉన్న ప్యాకెట్లన్నీ ఒక్కొక్కటే దింపింది, ఉప్పు, సబ్బు, కొవ్వొత్తులు, అన్నీ వరసగా పేర్చి గీస్తూ పోయింది. అవతల ఫోన్లో గిరాకీ ఎన్ని రోజుల్లో దింపుతారు అని అడుగుతూనే ఉన్నాడు. అన్నీ గీశాక గువ్వ అతని వైపు చూసింది. ముఖం వైపు కాదు. చేతి వైపు. చాలాసేపు. ఏడిస్తే బాగుండేది, తల కొట్టుకున్నా పట్టుకునేవాడు. ఆ రోజు నుంచి ప్యాకెట్లోంచి వచ్చింది ఏదీ తినలేదు, అతని చేతిలోంచి వచ్చింది ఏదీ నోట పెట్టలేదు. గిన్నెలోంచి అమ్మ తీసిపెట్టే అన్నం నాలుగు ముద్దలు, కళ్ళముందు తొక్క తీసిన బంగాళాదుంప. వాటి మీద ఇన్నాళ్ళు.

రింగుల చప్పుడు ఆగింది. అతను తల ఎత్తలేదు. పాదాలు, నేల మీద తడిలేని చిన్న పాదాల అలికిడి, దగ్గరికి. బల్ల అంచు మీద వేళ్ళు కనిపించాయి. కళ్ళు బల్ల చెక్కలో ఒక గీత మీద నిలిపాడు. వేళ్ళు ప్యాకెట్ మీదికి వెళ్ళాయి. ఇది అసలుది, ఉదయం కిరాణా కొట్లో కొన్నది, బ్లేడు తగలనిది, రెండు కొసలూ కంపెనీవే. గోరు. జిర్. తిప్పింది. గోరు. జిర్. రెండు వైపులా పలికింది కదమ్మా. పలికింది కదా తల్లీ, ఇంకేం కావాలి. వేళ్ళు ప్యాకెట్‌ని తీసిన చోటే సరిగ్గా పెట్టాయి, అంగుళం తేడా లేకుండా. పాదాలు వెనక్కి వెళ్ళిపోయాయి. రింగుల చప్పుడు మళ్ళీ మొదలైంది.

తలుపు సందులో చెయ్యి గుడ్డ పిండడం ఆపేసింది. అయిపోయింది అనుకున్నాడు. గొట్టం. గోడ గడియారంలో ఇంకా పాతిక నిమిషాలు ఉంది. టీచరు చెప్పినవన్నీ చేశాడు, మాట్లాడలేదు, జరపలేదు, చూడలేదు. పోయిన గిరాకీ కోసం గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తే అది తిరిగి రాదు. ఒకసారి గిరాకీ ఒకాయనతో ఇలాగే, కట్టకి వంద అన్న కవర్లు తొంభై రెండే వచ్చాయని మాట వచ్చింది, నిజంగానే ఫ్యాక్టరీ నుంచే తక్కువ వచ్చాయి, అతని తప్పు కాదు, కానీ ఎన్ని చెప్పినా ఆయన వినలేదు. అప్పుడు ఏం చేశాడు. చెప్పడం మానేసి గోడౌన్లో కట్టలన్నీ ఆయన ముందే విప్పి నేల మీద పరిచేశాడు. లెక్కపెట్టుకో అనలేదు. పరిచి పక్కకి జరిగాడు. దాచడానికి ఏమీ లేనప్పుడు మనిషి చేయగలిగింది అంతే.

తొడల కిందినుంచి చేతులు తీశాడు. ప్యాకెట్‌ని కొస దగ్గర కాదు, నిలువునా చించాడు, ఈ చివర నుంచి ఆ చివరకి, పసుపు కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి అరచేత్తో మడతలు తుడిచాడు. పన్నెండు బిస్కెట్లు. ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టాడు, ఒకదానికొకటి తగలకుండా. తర్వాత చేతులు రెండూ వెల్లకిలా బల్ల మీద పెట్టేసి కూర్చున్నాడు. ఎన్ని నియమాలు తప్పాడో తెలీదు. అసలు వాసన వచ్చింది, వెన్న, మాడీమాడని పిండి, అయిదు నెలల కింద ఈ ఇల్లంతా ఉండిన వాసన.

గువ్వ వచ్చింది. వరసని చూసింది. మూడోది కొంచెం పక్కకి ఉంటే సరిచేసింది. ఆ చివర నుంచి మొదటిది తీసింది. గువ్వ బిస్కెట్‌ని తన నోటి వైపు తీసుకెళ్ళలేదు. అతని పెదవులకి ఆనించి నెట్టింది.

నోరు తెరిచాడు. నమిలాడు. గువ్వ అతని దవడ వైపు చూస్తోంది, కళ్ళకి కొంచెం కిందగా, మిషన్లో కవరు దిగుతుంటే పనివాళ్ళు చూసేలాంటి చూపు. మింగాడు. రెండోది. మూడోది. నీకు తల్లీ, నీకు, నాకు కాదు, పదిహేనున్నర కిలోలు నీవి, నావి కావు, అని లోపల అరుస్తూ నమిలాడు. నాలుగోదానికి నోరు ఎండిపోయింది, అయిదోది పిండిలా అంగిట్లో అతుక్కుపోయింది, మింగుడు పడలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఎండు బిస్కెట్ వల్ల కూడా అయి ఉండవచ్చు. గువ్వ దగ్గరికి జరిగింది. చూపుడువేలు అతని నోట్లో పెట్టింది. చిగుళ్ళ వెంట, చెంప లోపల, నాలుక కింద, వేలు వెతుకుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. పార్కులో ఒక మధ్యాహ్నం, డైట్ మొదలైన రెండో నెలలో, ఎవరి పిల్లాడో తింటున్న బ్రెడ్ ముక్క గువ్వ లాక్కుని నోట్లో పెట్టుకుంటే, అతను పరుగున వెళ్ళి దవడలు నొక్కి, వేలు పెట్టి, చెంప లోపల నుంచి నాలుక కింద నుంచి ముక్క ముక్కా బయటికి తోడేశాడు. ఇలాగే. ఈ వరసలోనే. గువ్వ అప్పుడు కొరకలేదు. అతనూ ఇప్పుడు నోరు మూయలేదు, తెరుచుకుని కూర్చున్నాడు, చొంగ గడ్డం మీదికి కారుతుంటే తుడుచుకోలేదు, వెతుక్కో అమ్మా, ఎంతసేపైనా వెతుక్కో.

వేలు బయటికొచ్చింది. గోటి చివర తడి నలుసు ఒకటి. గువ్వ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. వాసన చూసింది. తన నోట్లో పెట్టుకుంది.

కాసేపు నిలబడింది, నాలుక లోపల కదులుతోంది, బుగ్గ మీద ఆ కదలిక కనిపిస్తోంది. తర్వాత వెళ్ళి రింగుల ముందు కూర్చుంది. మిగిలిన ఏడు బిస్కెట్ల వైపు తిరిగి చూడలేదు. గంట అయ్యేదాకా చూడలేదు.

నాలుగు దాటాక భార్య తలుపు తీసుకుని వచ్చింది. బల్ల మీది వరసని చూసింది, అయిదు ఖాళీలు చూసింది, ఆమె ముఖం ఒక్కసారి విచ్చుకుంది.

"తిందా?"

"అవి నాకు పెట్టింది."

ఆమె స్టూలు మీద చెయ్యి ఆనించుకుంది. "అది తిన్లేదా మరి?"

"తింది."

"ఎంత?"

ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్నకి తడబడకుండా జవాబు చెప్పిన మనిషి, బొటనవేలి గోటి చివర చూపుడువేలితో కొంచెం కొలిచి చూపించాడు. ఆమె ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. సోమవారం తూకం ఉంది. రేపు మూడు గంటలకి మళ్ళీ కూర్చోవాలి, ఎల్లుండి మళ్ళీ. డైట్ వల్ల ఏదైనా మంచి జరిగిందా లేదా అన్నది ఇక ఎప్పటికీ తేలదు. తేలింది ఇంతవరకు: రెండు కిలోల ఆరువందల గ్రాములు, అయిదు రకాల తిండి, ఒక మాట ఖర్చు, వచ్చింది గోటి చివర పట్టేంత బిస్కెట్ నలుసు. అది కూడా అతను పెట్టింది కాదు. గువ్వ వెతికి తీసుకుంది.